బూస్టర్లొద్దు సామీ, ఉన్న ఇమ్యూనిటీయే ఎక్కువైంది

మొన్న మా రూమ్మేట్ జిమ్ మానేశాడు. ఆరు వారాలు వెళ్ళాడు, 4,500 కట్టాడు, 600 గ్రాములు తగ్గాడు. మావాడు ఇంజనీరు కదా, ఊరుకుంటాడా, ఎక్సెల్ తెరిచి లెక్కేశాడు. "కేజీ తగ్గడానికి ఏడువేల ఐదొందలు పడింది మామా. ఆ డబ్బుతో ఎనిమిది కేజీల మటనొస్తుంది" అన్నాడు. లెక్కలో తప్పేం లేదు. అదే రోజు రాత్రి ఫోన్లో ఒక "ఇమ్యూనిటీ బూస్టర్" పొడి ఆర్డరిచ్చాడు. డబ్బా మీద డాలు బొమ్మ, డాలు మీద తులసాకు. ధర పన్నెండొందలు. దీనికి మాత్రం ఎక్సెల్ తెరవలేదు.

ఈ రెండు పనుల్లో దేన్ని ముందు తిట్టాలో తెలీక రెండ్రోజులు ఆగాను. ఇప్పుడు రెండింటినీ కలిపి తిడుతున్నా.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. తిరుపతి దగ్గర ఒక కాలేజీలో ఈసీఈ చదివి, దానికి ఏ సంబంధమూ లేని జావా రాసుకుంటూ బెంగళూరులో బతుకుతున్నవాణ్ణి. కానీ గత రెండేళ్ళుగా నా రక్తపరీక్షల కాగితాలు, మా అన్న ఆస్పత్రి కాగితాలు ముందేసుకుని కూర్చోవాల్సొచ్చింది. లాగ్స్ చదవడం మన వృత్తి కాబట్టి వాటినీ అలాగే చదివాను. చదివాక నాకర్థమైంది ఇది: లావుగా ఉన్నవాడి ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ నిద్రపోవడం లేదు, అక్కర్లేని చోట, ఎవరూ పిలవకుండా, రాత్రింబవళ్ళు డ్యూటీ చేస్తోంది. వ్యాయామం మొట్టమొదట చక్కబెట్టేది దాన్నే. ఆ సంగతి తూకం మిషనుకి తెలిసే దారి లేదు. కాబట్టి తూకం మిషను చూసి నడక మానేసేవాడు, బూస్టర్ పొడి కొనేవాడు, ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు. మా ఇంట్లో ఆ ఇద్దరూ ఒక్కడే :)

మా అన్న సంగతి చెప్తాను. సొంతన్న కాదు, మా పెదనాయన కొడుకు. పాకాల దగ్గర పల్లెలో ఒకే వాకిట్లో పెరిగాం. చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ఉద్యోగం. 2023లో, ముప్పై ఆరేళ్ళ వయసులో, రాత్రి పదకొండు గంటల కాల్‌లో ఉండగా గుండెపోటొచ్చింది. పక్క ఫ్లాటు వాళ్ళు టైముకి తీసుకెళ్ళారు, స్టెంట్ వేశారు, బతికాడు. ఆస్పత్రికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట: "అంత లావు గూడా లేడే పిల్లోడు!" నిజమే, లేడు. కంపెనీ వాళ్ళ వార్షిక పరీక్షల్లో బీఎంఐ 24 అని, పక్కన ఆకుపచ్చ రంగులో "నార్మల్" అని మూడేళ్ళు వరసగా ఉంది. కాళ్ళూ చేతులూ పుల్లలు. బనీను వేసుకుంటే మాత్రం ముందర కుండ బోర్లించినట్టు పొట్ట. దాన్ని మేమంతా ఉద్యోగం తెచ్చిన కళ అనుకున్నాం.

మనవాళ్ళకి 25 దాకా నార్మల్ అనడమే తప్పు. 2009లో మన దేశపు వైద్యులు కూర్చుని రాసుకున్న హద్దుల ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. అన్న కంపెనీ సాఫ్టువేరు రాసినవాడెవరో తెల్లవాళ్ళ కోసం పెట్టిన హద్దుని హార్డ్‌కోడ్ చేసి ఇంటికెళ్ళిపోయాడు. మనలాంటివాడే అయ్యుంటాడు.

ఈ సంగతి మీద ఒక ప్రసిద్ధమైన ఫోటో ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె డాక్టరు సి.ఎస్. యాజ్ఞిక్, ఆయన ఇంగ్లీషు స్నేహితుడు జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. తూకం మిషను ఇద్దరికీ ఒకే సర్టిఫికెట్టు ఇస్తుంది.

సరే, అసలు విషయానికొద్దాం. ఆ కొవ్వు ఊరికే కూర్చుంటే ఎవరికి నష్టం? ఊరికే కూర్చోదు, అదీ కథ.

తిరుపతి వాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యేలా చెప్తాను. రోజూ పేపర్లో చూస్తాం కదా, వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంట్లన్నీ నిండి శిలాతోరణం దాకా లైను వచ్చిందని. చర్మం కింద ఉండే కొవ్వు ఆ కంపార్టుమెంట్ల లాంటిది. జనం అక్కడ కూర్చున్నంతసేపు పెద్దగా గొడవలేదు, ఫ్యాన్లుంటాయి, పాలూ ఉప్మా ఇస్తారు. మన దేశస్థులకి ఆ కంపార్టుమెంట్లు తక్కువ. తొందరగా నిండిపోయి, మిగిలింది పేగుల చుట్టూ, కాలేయంలోకీ, కండరాల్లోకీ పొంగిపోతుంది. కష్టాలన్నీ ఆ బయట లైన్లో ఉన్నాయి.

పొట్ట లోపలి ఆ కొవ్వు కణాలు ఉబ్బీ ఉబ్బీ, రక్తం సరిగా అందక, కొన్ని చచ్చిపోతాయి. చచ్చినదాన్ని ఎత్తిపారేయడానికి మాక్రోఫేజులనే తెల్లకణాలు వస్తాయి. వాటి ఉద్యోగమే అది, పారిశుధ్యం ప్లస్ పోలీసు. 2003లో అమెరికాలో రెండు బృందాలు విడివిడిగా ఈ సంగతి బయటపెట్టాయి. సన్నటివాళ్ళ కొవ్వులో మొత్తం కణాల్లో పదోవంతు లోపే ఉండే ఈ మాక్రోఫేజులు, బాగా ఊబకాయం ఉన్నప్పుడు సగం దాకా పెరగొచ్చని లెక్క తేలింది. సగం! మనం కొవ్వు అనుకుంటున్నదాంట్లో పోలీసు క్యాంపు నడుస్తోందన్నమాట. 2005లో ఇటలీ వాళ్ళు సూక్ష్మదర్శినిలో చూస్తే, చచ్చిన ఒక్కొక్క కొవ్వు కణం చుట్టూ ఈ మాక్రోఫేజులు కిరీటం లాగా వలయం కట్టి కనబడ్డాయి.

వచ్చినవాళ్ళు ఊరికే ఉంటారా, విజిల్ వేస్తారు. టీఎన్ఎఫ్, ఐఎల్-1 లాంటి రసాయనాలు వదుల్తారు. అవి ఇంకొంతమంది పోలీసుల్ని పిలుస్తాయి, వాళ్ళూ విజిల్ వేస్తారు. మనవాళ్ళకి ఇంకా బాగా చెప్పాలంటే, ఒక అలర్ట్ హ్యాండ్లర్ తనే ఇంకో అలర్ట్ లేపే లూపు. పేజర్ డ్యూటీ చేసినవాళ్ళకి ఆ బాధ తెలుసు. కత్తి తెగితే వచ్చే మంట, వాపు నాలుగు రోజుల్లో తగ్గుతాయి. ఇది తగ్గదు, నొప్పి తెలీదు, జ్వరం రాదు, ఏళ్ళ తరబడి చిన్న సెగ మీద కాగుతూనే ఉంటుంది. దీన్నే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఆ టీఎన్ఎఫ్ చేసే దుర్మార్గం ఏమిటంటే, ఇన్సులిన్ వచ్చి తలుపు కొట్టినా కణానికి వినబడకుండా చేస్తుంది. ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్ తయారవుతోందనీ, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ మళ్ళీ పనిచేస్తోందనీ 1993లోనే గోఖాన్ హోతామిస్లిగిల్ బృందం చూపించింది. నేనప్పటికి పుట్టను కూడా లేదు. ఇంతకాలం ఎవరూ మనకి చెప్పలేదేం? షుగరంటే చక్కెర తింటే వస్తుందనే ఇప్పటికీ మా వీధిలో నమ్మకం.

ఇప్పుడు చెప్పండి, ఈ ఒంట్లోకి "బూస్టర్" పోసి ఏం చేద్దామని? అప్పటికే వీధినిండా పోలీసులుంటే ఇంకో బెటాలియన్ దింపుతారా? పైగా ఇలా లోపల క్యాంపు వేసి అలిసిపోయిన సైన్యం, నిజమైన శత్రువొచ్చినప్పుడు సరిగ్గా పోరాడదు కూడా. 2020, 2021లో కోవిడ్ ఊబకాయం ఉన్నవాళ్ళని ఎక్కువగా ఐసీయూ దాకా తీసుకెళ్ళడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆ రెండేళ్ళలోనే ఈ బూస్టర్ డబ్బాల వాళ్ళు మేడలు కట్టారు. అదృష్టం బాగుండి వాటిలో చాలావరకు ఏ పనీ చెయ్యవు కాబట్టి సరిపోయింది. నిజంగా పేరుకి తగ్గట్టు పనిచేసి ఉంటే మా రూమ్మేట్‌ని ఏం చేసేవాళ్ళం!

వ్యాయామం దగ్గరికొస్తే, మనందరి బుర్రలో ఒకటే లెక్క: ఇన్ని మెట్లెక్కితే ఇన్ని క్యాలరీలు, ఇన్ని క్యాలరీలకి ఇన్ని గ్రాములు. జమా ఖర్చుల పుస్తకం. ఆ లెక్కలో నడక ఎప్పుడూ ఓడిపోతుంది. గంట నడిచి వచ్చి రెండు మైసూరు బోండాలు తింటే బాకీ తీరిపోయినట్టే. నేను ఒప్పుకుంటాను, బరువు తగ్గడానికి వ్యాయామం ఒక్కటే చాలా బలహీనమైన మందు, తిండి తగ్గించక తప్పదు. కానీ కండరం పనిచేసేటప్పుడు జరిగేది క్యాలరీలు కాలడం ఒక్కటే కాదు. కండరం రక్తంలోకి ఉత్తరాలు రాస్తుంది.

కోపెన్‌హాగన్‌లో బెంటె పెడర్సెన్ అనే ఆవిడ, ఆవిడ సహచరులు 2000 ప్రాంతంలో గమనించిందేమిటంటే, పనిచేస్తున్న కండరం నుంచి ఐఎల్-6 అనే పదార్థం విడుదలవుతోంది. చాలాసేపు గట్టిగా శ్రమపడితే రక్తంలో అది వంద రెట్లు కూడా పెరగొచ్చు. ఇక్కడే తికమక. ఈ ఐఎల్-6 ఊబకాయం ఉన్నవాళ్ళ రక్తంలోనూ ఎప్పుడూ కొంచెం ఎక్కువగానే ఉంటుంది, దాన్ని దొంగల జాబితాలో రాస్తారు. మరి వ్యాయామంలో అదే మంచిదెలా అయింది? ఒకే ఎర్రర్ కోడు, రెండు మాడ్యూళ్ళ నుంచి వస్తే రెండు అర్థాలు. కొవ్వులోంచి కారే ఐఎల్-6 కొద్దికొద్దిగా, ఇరవైనాలుగు గంటలూ, టీఎన్ఎఫ్ తోడుగా వస్తుంది. కండరంలోంచి వచ్చేది ఒక్కసారిగా లేచి, పని ఆగిన కొన్ని గంటల్లో పడిపోతుంది, వెనకాలే మంట ఆర్పే ఐఎల్-10, ఐఎల్-1ఆర్ఏ అనేవాటిని పిలుచుకొస్తుంది. 2003లో వాళ్ళే ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యవంతులకి బ్యాక్టీరియా విషం కొంచెం ఎక్కిస్తే రక్తంలో టీఎన్ఎఫ్ పెరిగింది. మూడు గంటలు సైకిలు తొక్కించి ఎక్కిస్తే పెరగలేదు. ఒక్క కేజీ కూడా తగ్గకుండా, ఆ పూటకి ఆ పూట!

ఇంకోటి నాకు బాగా నచ్చింది, 2019లో వచ్చింది. పొట్ట ఉన్నవాళ్ళ చేత 12 వారాలు సైకిలు తొక్కించారు. పొట్ట లోపలి కొవ్వు తగ్గింది. అలాగే తొక్కిన ఇంకో గుంపుకి ఐఎల్-6ని అడ్డుకునే మందు ఇచ్చారు. వీళ్ళకి తగ్గలేదు. అదే సైకిలు, అదే చెమట, మధ్యలో ఆ ఉత్తరం అందకపోతే పని జరగలేదు. క్యాలరీల జమాఖర్చే మొత్తం కథ అయితే ఇలా జరక్కూడదు కదా? అంత శ్రమ మనవల్ల కాదంటారా, 2017లో కాలిఫోర్నియా వాళ్ళు ట్రెడ్‌మిల్ మీద 20 నిమిషాలు ఓ మాదిరిగా నడిపించి రక్తం తీసి చూస్తే, టీఎన్ఎఫ్ తయారుచేసే తెల్లకణాలు సుమారు 5 శాతం తగ్గాయి. ఐదు శాతమేనా అనకండి. ప్రొడక్షన్లో లేటెన్సీ ఐదు శాతం తగ్గిస్తే ఊరంతా మెయిల్ పెడతాం మనం.

ఎలుకల్లో ఇంకా లోపలికెళ్ళి చూశారు. కొవ్వు తిండి పెడుతూనే పరిగెత్తిస్తే, ఆ కొవ్వులో చేరే మాక్రోఫేజులు తగ్గాయి, ఉన్నవాటిలోనూ మంటపెట్టే రకం తగ్గి, మంటార్పే రకం పెరిగింది. ఎలుకలన్నాను కాబట్టి ఒక పక్కమాట. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో 1990లలో ఒక ఎలుకల జాతి బయటపడింది. జన్యువులో వచ్చిన మార్పువల్ల వాటికి ఆకలి అదుపు ఉండదు, కొండల్లా లావెక్కుతాయి. వాటి తోబుట్టువులు అదే బోనులో, అదే తిండి తింటూ మామూలుగా ఉంటాయి. లావుగా ఉన్నవాణ్ణి చూసి "సోమరి" అనేవాళ్ళందరినీ ఒకసారి తార్నాక పంపాలని నా కోరిక. నేను తిడుతున్నది లావుని కాదు, లెక్కని.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. వ్యాయామంతో ఈ ఇన్‌ఫ్లమేషన్ ఎక్కువగా తగ్గేది పొట్ట కొవ్వు కూడా తగ్గినవాళ్ళలోనే. కొవ్వు ఏమాత్రం కదలకపోతే సీఆర్‌పీ లాంటి అంకెలు కదిలేది కొంచెమే. కానీ పొట్ట లోపలి కొవ్వు, కాలేయంలో కొవ్వు, మొత్తం బరువు మారకపోయినా తగ్గొచ్చు. ఆ పక్కన కండ పెరిగితే తూకం మిషను ముల్లు అక్కడే ఉంటుంది. మావాడు 600 గ్రాములు చూసి ఏడ్చాడే, ఆ ఆరు వారాల్లో నడుము ఎంత తగ్గిందో ఒక్కసారీ టేపు పెట్టి చూడలేదు.

వాణ్ణే అంటున్నాను కానీ నేను చేసిన ఘనకార్యం ఇంకా పెద్దది.

అన్నకి అలా అయ్యాక భయమేసి 2024 మొదట్లో నేనూ పరీక్షలు చేయించుకున్నా. ఎత్తు 170, బరువు 81, నడుము 98. కాలేయంలో కొవ్వు, గ్రేడ్ టూ. ఎస్‌జీపీటీ 78. హెచ్ఎస్ సీఆర్‌పీ 4.2, అంటే కాలేయం "ఎక్కడో మంట ఉంది" అని చెప్పే అంకె. 1 లోపు మంచిది, 3 దాటితే గుండెకి ప్రమాదం ఎక్కువ అని లెక్క. ఇంటికి ఫోన్ చేసి చెప్తే మా అమ్మ వెంటనే మొక్కుకునింది, నడిచి కొండెక్కిస్తానని. నన్ను. ఆమె మొక్కు, నా కాళ్ళు.

మాది తిరుపతి పక్క కాబట్టి వ్యాయామమంటే మాకు కొండే. అలిపిరి నుంచి 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. చిన్నప్పుడు గాలిగోపురం దాకా పరిగెత్తి, పైన నిలబడి పెద్దవాళ్ళని ఎక్కిరించేవాళ్ళం. ఈసారి గాలిగోపురం చేరేటప్పటికి నా పక్కనుంచి అరవై దాటిన ఒకామె, మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటా, నన్ను దాటిపోయింది. "నిదానంగా రా నాయనా, సామి యాడికీ పోడు" అనింది. మోకాళ్ళ పర్వతం దగ్గర నాలుగు సార్లు కూర్చున్నా. దర్శనం అయ్యాక పౌరుషం ఆగక దిగేటప్పుడు కూడా మెట్లదారే పట్టా. ఎక్కడంకంటే దిగడమే తొడ కండరాల్ని ఎక్కువ చింపుతుందని అప్పుడు తెలీదు.

మూడో రోజు, గోడ పట్టుకుని నడిచే స్థితిలో, "కొండెక్కినా కదా, ఎంత తగ్గిందో చూద్దాం" అని మళ్ళీ రక్తం ఇచ్చాను. 9.6 వచ్చింది. ఇంట్లో తీర్పు అయిపోయింది. "నడిచినందుకే మంట రెట్టింపైందంట, ఇంక చాలు పండుకోరా" అనింది అమ్మ. నేనూ సరేనన్నా. రెండు నెలలు కుర్చీలోంచి లేవలేదు. అంకె చూసి మానేశా, అచ్చం మా రూమ్మేట్ లాగే.

తర్వాత నాతో పదో తరగతి చదివి ఇప్పుడు మెడిసిన్‌లో పీజీ చేస్తున్న స్నేహితుడు ఆ కాగితం చూసి పది నిమిషాలు నవ్వాడు. "మెట్లు దిగిన మూడో రోజు సీఆర్‌పీ చేయించుకున్నావంటే నీకు మొక్కాలిరా" అన్నాడు. అలవాటు లేని కండరాన్ని ఒక్కరోజులో అంత హింసిస్తే అది చినిగి, బాగుచేసుకోడానికి నాలుగు రోజులు నిజమైన వాపు వస్తుంది, సీఆర్‌పీ లేస్తుంది, దిగిపోతుంది. జలుబు చేసినా లేస్తుంది. గట్టి శ్రమ చేసిన వారంలో, జ్వరంలో ఆ పరీక్ష చేయించుకోకూడదట. ఏడాదికోసారి కొండెక్కడం భక్తి. ఒంట్లో క్యాంపు వేసిన పోలీసులకి అది సరిపోదు, వాళ్ళకి వారంలో ఐదు రోజులు "ఇంటికి పోండయ్యా" అని చెప్తూ ఉండాలి. ఆ ఉత్తరం ప్రభావం కొన్ని గంటలే అని పైన చెప్పాను కదా.

ఇక మన కంపెనీల సంగతి. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన ఒకటి సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో వచ్చింది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే 84 శాతానికి కాలేయంలో కొవ్వు, 71 శాతానికి ఊబకాయం. వాళ్ళు రాష్ట్రమంతటికీ ప్రతినిధులు కాకపోవచ్చు, కానీ మీ ఫ్లోర్లో ఒకసారి తలెత్తి చూడండి, అంకె పెద్దగా అబద్ధం అనిపించదు. దీనికి నేను పనిచేసిన ఒక కంపెనీ చేసిందేమిటంటే, "పది వేల అడుగులు" పోటీ. ఉదయం తొమ్మిదిన్నర నుంచి మీటింగులు, రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికా కాల్, మధ్యలో ఫ్రీగా సమోసా, ఆపైన అడుగుల పోటీ. మా టీం లీడు ఫోన్‌ని టేబుల్ ఫ్యాను రెక్కకి కట్టి మొదటి బహుమతి కొట్టేశాడు. బహుమతి ఏమిటో చెప్తే నమ్మరు, ఫుడ్ కూపన్లు.

నిజంగా చెయ్యాల్సింది ఖర్చులేనిది. 2012లో ఆస్ట్రేలియాలో, అధిక బరువున్నవాళ్ళని కూర్చోబెట్టి, ప్రతి 20 నిమిషాలకీ లేపి 2 నిమిషాలు నడిపిస్తే, తిన్నాక పెరిగే షుగరూ ఇన్సులినూ బాగా తగ్గాయి. అంటే మీటింగులో ఒకడు లేచి అటూ ఇటూ తిరిగితే మేనేజరు వింతగా చూడకుండా ఉంటే చాలు. అది మాత్రం ఏ వెల్‌నెస్ పాలసీలోనూ ఉండదు.

ఈ మాటలే లంచ్ టేబుల్ దగ్గర ఊదరగొడుతుంటే మా టీంలో ఒకమ్మాయి, మదనపల్లె వాళ్ళే, నా నోరు మూయించింది. "అన్నా, నువ్వు రాత్రి పదకొండుకి కాల్ అయ్యాక లేఅవుట్ చుట్టూ నాలుగు రౌండ్లేసొస్తావు. నేను పొయ్యేదానికుందా? పొద్దున్నా? పొద్దున వంట ఎవరు చేస్తారు, నువ్వా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆమె ఇప్పుడు ఇంట్లోనే అపార్టుమెంటు మెట్లు ఎక్కి దిగుతోంది, రెండు నీళ్ళ క్యాన్లు పట్టుకుని. తిరుపతిలో అయితే యూనివర్సిటీ లోపల తెల్లారుజామున ఆడవాళ్ళు గుంపులుగా నడుస్తారు, అలాంటి చోటు బెంగళూరు శివారు లేఅవుట్లలో ఎవరు కట్టిస్తారు?

సూదుల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. 2025లో మౌంజారో, వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. వాటిని నేను ఎగతాళి చెయ్యను. వెగోవీలో ఉండే మందు గుండెజబ్బున్న ఊబకాయుల్లో గుండెపోటు, పక్షవాతం లాంటివాటిని 20 శాతం తగ్గించిందని 2023లో వచ్చిన పెద్ద ప్రయోగం చెప్పింది, సీఆర్‌పీ కూడా తగ్గింది. డాక్టరు రాస్తే వాడాలి. కానీ వాటితో తగ్గే బరువులో కండ కూడా పోతుంది. ఉత్తరాలు రాసేవాడే ఊరొదిలిపోతే ఎలా? మా అన్నలాగా పొట్ట ఉండి చేతులు పుల్లలైనవాళ్ళకి పోగొట్టుకోడానికి కండ ఎక్కడుంది? సూది వేసుకునేవాడు ఇంకా ఎక్కువగా గుంజీలు తియ్యాలని నా అభిప్రాయం.

నా లెక్క చెప్పి ముగిస్తా. ఒక్కడి అనుభవం సాక్ష్యం కాదని నాకూ తెలుసు, కానీ అడుగుతారు. వారానికి ఐదు రోజులు 40 నిమిషాలు, మాట్లాడగలిగేంత ఆయాసంతో నడక. రెండు రోజులు గుంజీలు, గోడకి పుషప్పులు. మధ్యాహ్నం అన్నం తగ్గించి రాగి సంగటి, ఊరిబిండి, ఆకుకూర. ఊరిబిండిలో నూనె తగ్గించమంటే మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. అయిదు నెలలకి బరువు 81 నుంచి 80. అదీ పొద్దున కాఫీకి ముందు. నడుము 98 నుంచి 93. ఎస్‌జీపీటీ 44. హెచ్ఎస్ సీఆర్‌పీ 2.1, ఈసారి నాలుగు రోజులు మెట్లెక్కకుండా ఉండి చేయించుకున్నది.

ఆ కాగితం తీసుకుని సంక్రాంతికి ఊరికెళ్ళా. అన్న కూడా వచ్చాడు. గుండె డాక్టరు చెప్పిన ప్రకారం రోజూ నడుస్తున్నాడు, ఇద్దరం శెనక్కాయ చేల గట్టు మీద చెరువు దాకా పొయ్యొచ్చాం. దారిలో అడిగాడు, "ఎంత తగ్గినావురా?"

"ఐదు సెంటీమీటర్లన్నా."

"కేజీల్లో చెప్పరా."

చెప్పా. "ఒక్క కేజీకేనా ఇంత కత?" అన్నాడు. నేను మళ్ళీ మొదట్నించీ, కంపార్టుమెంట్ల దగ్గర్నించీ మొదలుపెట్టా. చెరువు వచ్చేదాకా విన్నాడు, పాపం.

తా.క.: ఫ్యానుకి ఫోన్ కట్టిన మా పాత టీం లీడు ఇది చదువుతాడని తెలుసు. అన్నా, ఫ్యాను ఆరోగ్యం ఎలా ఉంది? :)